తవ్వితే దొంగ... తరలిస్తే మ్యూజియం!

కీ... కీ... కీ...

ఈ చప్పుడు చెవిన పడితే చాలు, మనవాళ్లకు ప్రాణం లేచొస్తుంది. ఇంకేముంది, లంకెబిందెలే! ఒంగి తవ్వితే బీరుసీసా మూత. నాలుగడుగులు వేస్తే మళ్లీ కీ... ఈసారి కూల్‌డ్రింకు డబ్బా మీంచి పీకి పారేసిన అల్యూమినియం రింగు. యంత్రం చెవికి ఆ రింగూ బంగారపు ఉంగరమూ ఇంచుమించు ఒకేలా వినిపిస్తాయి. పాపం, దానికేం తెలుసు! మూడోసారీ కీ మంటుంది. తలెత్తి చూస్తే పోలీసు నడుముకున్న బెల్టు బిళ్ల.

మెటల్ డిటెక్టరు భుజానేసుకుని పరాయి దేశంలో షికారుకెళ్లిన కొందరి ముచ్చట అక్కడితో ముగుస్తుంది. కోర్టు వాయిదాలు అక్కడ మొదలవుతాయి.

ఒక పెద్దాయనను ఊహించుకోండి. ఊహించుకోవడం దేనికి, మీ వీధిలోనే ఉంటారు. రిటైర్డు తహసీల్దారు. కొడుకు న్యూజెర్సీలో. ఆరు నెలల మకాం. కోడలు ఆఫీసుకి, మనవడు బడికి, ఆయన సోఫాకి. పెరట్లో గోంగూర గింజలు చల్లారు, మొలకొచ్చాయి. యూట్యూబులో తెలుగు ఛానళ్లన్నీ తిరగేశారు, రాజకీయాలు అక్కడా అవే. పదకొండో రోజున ఒక వీడియో కంటపడింది. బీచిలో ఒకడు కర్రలాంటిది ఊపుతున్నాడు. ఇసుకలోంచి ఉంగరం తీస్తున్నాడు.

"ఒరేయ్, నాకు అలాంటిదొకటి ఆర్డరు పెట్టు."

"ఎందుకు నాన్నా?"

"కాలక్షేపానికిరా."

రెండో రోజుకల్లా పెట్టె గుమ్మంలో ఉంది. అట్ట మీద బారెడు బొమ్మ. బంగారు నాణేల గుట్ట, పక్కన పళ్లికిలిస్తున్న కుటుంబం. లోపల చిన్న పుస్తకం. దాని చివరి పేజీలో చీమ తలకాయంత అక్షరాల్లో ఒక్క ముక్క: స్థానిక చట్టాలను పాటించవలెను. ఏ చట్టం? ఎక్కడుంటుంది? ఎవర్నడగాలి? అమ్మినవాడి బాధ్యత ఆ ఒక్క ముక్కతో సమాప్తం. వీడియో పెట్టినవాడి సంగతి సరేసరి. ఉంగరం దొరికిన పది సెకన్లు చూపిస్తాడు. దానికోసం తిరిగిన పది వారాలు, అడిగి తెచ్చుకున్న అనుమతి కాగితం... కత్తిరించేస్తాడు. లైకు కొట్టండి, షేరు చేయండి, జైలుకు మాత్రం మీరే వెళ్లండి!

శనివారం అందరూ కారెక్కారు. పెన్సిల్వేనియాలో గెటిస్‌బర్గ్. అమెరికా అంతర్యుద్ధంలో, 1863లో, మూడు రోజులు నెత్తురు పారిన నేల. తహసీల్దారుగారు డిక్కీలోంచి యంత్రం తీశారు. నూటయాభై ఏళ్ల నాటి తూటా ఒక్కటి దొరికినా చాలు, వాట్సాప్ గ్రూపులో పెడితే బావమరిది కుళ్లి చావాలి!

రేంజరు వచ్చాడు. అక్కడ నేషనల్ పార్క్ భూమిలో డిటెక్టరు వాడితేనే కాదు, దగ్గర పెట్టుకున్నా నేరం. వాడటానికి వీల్లేకుండా విడగొట్టి సామానులో కట్టేసి ఉంటే తప్ప. ఆరు నెలల జైలు, 5,000 డాలర్ల జరిమానా దాకా వెళ్లొచ్చు. ఇదంతా తవ్వక ముందు సంగతి. ఫెడరల్ భూమిలో తవ్వి నూరేళ్లు దాటిన పురావస్తువు బయటికి తీస్తే 1979 నాటి ఇంకో చట్టం కాచుకుని ఉంది. తొలి తప్పుకే ఏడాది జైలు, 10,000 డాలర్లు. వస్తువు విలువా, చెడగొట్టిన నేలను బాగుచేసే ఖర్చూ కలిపి 500 డాలర్లు దాటాయా, రెండేళ్లు, 20,000. ఇదే యంత్రం ఏదో ఊరి బీచిలో ఊపితే ఎవరూ ఏమీ అనకపోవచ్చు. ఆ ఇసుక ఊరిది, ఈ మట్టి ఫెడరల్ ప్రభుత్వానిది. మధ్యలో గీత కంటికి కనబడదు. కేసు కనబడుతుంది.

"సార్, ఐ యామ్ రిటైర్డ్ తహసీల్దార్!"

రేంజరుకు ఆ మాట అర్థం కాలేదు. అయినా ఏం లాభం? ముప్పై ఏళ్లు సర్కారు భూమిలో ఎవడు ప్రహరీ కట్టినా, ఎవడు చెరువు పూడ్చినా, చూసీ చూడనట్టు పోయిన కళ్లవి. సర్కారు భూమిలో గడ్డపార దించితే కేసవుతుందన్న ముక్క ఆ కళ్లకు అరవై దాటాక, అదీ అమెరికాలో, కొత్తగా కనిపించింది. దణ్ణాలు పెట్టాక హెచ్చరికతో వదిలారు. కొడుకు దారి పొడవునా మాట్లాడలేదు. వాడి బెంగ వాడిది. తండ్రిమీద కేసంటే రేపటి వీసా కాగితాల్లో 'ఎప్పుడైనా అరెస్టయ్యారా' అన్న గడి ఎదురవుతుంది.

ఇంతకీ మట్టిలో ఉన్నదల్లా మనదేనన్న ధీమా మనకెక్కడిది? మీ తాతగారి పాత దస్తావేజు తీసి చూడండి. నిధి, నిక్షేప, జల, తరు, పాషాణాలంటూ అష్టభోగాలూ కొన్నవాడికి రాసిచ్చి ఉంటారు. చదువుకుంటే రోమాలు నిక్కబొడుచుకుంటాయి. నిధి కూడా నాదే! నిజానికి 1878 నుంచి నిధి నిక్షేపాల చట్టమొకటి ఉంది. మట్టిలో దాగిన పది రూపాయలకు మించిన సొత్తు దొరికితే ముందు కలెక్టరుకు రాతపూర్వకంగా చెప్పాలి. చెప్పకుండా దిండు కింద దాచుకుంటే ఏడాది జైలు. పది రూపాయలు! ఆ మొత్తాన్ని చట్టంలో రాసింది విక్టోరియా రాణి కాలంలో. రాణి పోయింది, రూపాయి విలువ పోయింది, పది రూపాయలు మాత్రం కదల్లేదు. మరి దస్తావేజు లేఖరి? ఇవాళ్టికీ నిధి నిక్షేపాలు రాసిస్తూనే ఉన్నాడు. అడిగేవాడెవడు?

సరే, ఐరోపా వెళ్తున్నారనుకోండి. షెంగెన్ వీసా ఒక్కటుంటే 29 దేశాలు. డిటెక్టరుకు మాత్రం ఏ గుమ్మం దగ్గర ఆ గుమ్మం రూలే. ఫ్రాన్సులో పురావస్తువుల కోసం ఆ యంత్రం వాడాలంటే ప్రిఫెక్టు అనుమతి కావాలి. మన కలెక్టరులాంటి దొరన్నమాట. స్వీడన్‌లో కౌంటీ బోర్డు లైసెన్సు. గ్రీసులో ఏకంగా సంస్కృతి శాఖ ముద్ర. ఐర్లండ్‌లో తవ్వనే అక్కర్లేదు. పురావస్తువు దొరుకుతుందేమోనని అనుమతి లేకుండా యంత్రంతో వెతికినా నేరమే. 1980లో డెరినాఫ్లాన్ అనే చోట ఒక తండ్రీకొడుకులు డిటెక్టరుతో ప్రాచీన వెండి పానపాత్ర తవ్వి తీశారు. అది ఎవరిదన్న తగువు ఏళ్లకేళ్లు కోర్టుల్లో నలిగింది. 1987లో ఈ చట్టం వచ్చిపడింది. ఇటలీవాళ్ల సార్డీనియా దీవిలో లోహం కూడా అవసరం లేదు. 2019లో ఒక ఫ్రెంచి జంట కారులో 14 సీసాల్లో 40 కిలోల బీచి ఇసుక దొరికింది. ఇసుకే! దానికి ఆరేళ్ల దాకా జైలు పడొచ్చన్నారు. మన ఇసుక ర్యాంపుల ఆసాములు విమానమెక్కే ముందు ఈ వార్త ఒకసారి చదువుకుంటే మంచిది. లారీ లెక్కన అలవాటైన చేతులు కదా!

ఇంకో మాట. ఫ్రాన్సు, బెల్జియం పొలాల్లో కీ మన్నది మొదటి ప్రపంచ యుద్ధం నాటి పేలని గుండైనా కావచ్చు. నూరేళ్లు దాటినా దానికి వయసు మీద పడదు. పేలుతుంది. రైతులు దుక్కి దున్నుతుంటే ఇవాళ్టికీ పైకి వస్తూనే ఉన్నాయి. పోలీసు వచ్చేదాకా కూడా ఆగనక్కర్లేని ప్రమాదమిది.

చట్టాలు అన్యాయమని కాదు నా గోల. మట్టిలో నాణెం ఏ పొరలో ఉంది, పక్కన కుండ ఉందా, ఎముక ఉందా అన్నదాంట్లోనే చరిత్ర అంతా ఉంది. పెరికి జేబులో వేసుకుంటే మిగిలేది లోహం ముక్క. పెరికినవాణ్ణి పట్టుకోవాల్సిందే. నా కడుపుమంట వేరే. పట్టుకునే చేతులు ఎవరి మెడ దగ్గర బిగుస్తాయి? ఎవరి భుజం దగ్గర సలాం కొడతాయి?

ఇరాక్ సంగతి చూడండి. 2022 మార్చిలో ఒక బ్రిటిష్ పర్యాటకుణ్ణి బాగ్దాద్ విమానాశ్రయంలో పట్టుకున్నారు. రిటైరైన భూవిజ్ఞాన శాస్త్రవేత్త. ప్రాచీన ఎరిదు నగరం శిథిలాల దగ్గర నేలమీద పడున్న పెంకు ముక్కలు ఏరుకున్నాడు. డజను. డిటెక్టరు లేదు, గడ్డపార లేదు. కంటికి కనిపించినవి సంచిలో వేసుకున్నాడు. అక్కడి పురావస్తు చట్టం ఉరిశిక్ష దాకా వెళ్లగలదు. జూన్‌లో కోర్టు 15 ఏళ్లు వేసింది. ముక్కకు ఏడాదికి పైనే! జూలైలో పై కోర్టు కొట్టేసింది కాబట్టి బతికి ఇంటికి చేరాడు. మధ్యలో ఆ కుటుంబం ఎన్ని రాత్రులు నిద్రపోయి ఉంటుంది?

ఇప్పుడు అదే ఇరాక్, ఇరవై ఏళ్లు వెనక్కి. 2003లో అమెరికా సైన్యం వెళ్లి ఎక్కడ దిగింది? బాబిలోన్ శిథిలాల మీద. అక్షరాలా శిథిలాల మీదే! క్యాంపు వేశారు. 2,600 ఏళ్ల నాటి ఇటుకబాట మీద భారీ వాహనాలు నడిపి పగలగొట్టారు. కాపలా గోడలకు ఇసుక బస్తాలు కావాల్సి వస్తే అక్కడి మట్టినే ఎత్తి నింపారు. ఆ మట్టిలో పెంకులున్నాయి, ఎముకలున్నాయి. 2005లో బ్రిటిష్ మ్యూజియం నిపుణులే ఇదంతా నివేదికగా రాశారు. డజను పెంకులకు 15 ఏళ్లయితే, బస్తాడు పెంకులకు ఎన్నేళ్లు? బాగ్దాద్ మ్యూజియంలోంచి 2003 ఏప్రిల్‌లోనే దాదాపు 15,000 వస్తువులు పోయాయి. అప్పుడు చమురు శాఖ భవనానికి మాత్రం ట్యాంకులు కాపలా ఉన్నాయి. ఆ నేల ఇతిహాసపు రాజు గిల్గమేష్‌కు ఓటు లేదు, చమురుకు ఉంది.

ఆగండి, అయిపోలేదు. హాబీ లాబీ అని అమెరికాలో పెద్ద దుకాణాల సంస్థ. అలంకరణ సామాన్లమ్ముతుంది, భక్తి జాస్తి. ఇరాక్ నుంచి వచ్చిన వేల మట్టి పలకలు, ముద్రలు, దాదాపు 5,500, కొన్నది. పార్శిల్ మీద ఏం రాసుందో తెలుసా? పింగాణీ పలకల శాంపిళ్లని! మీ బాత్రూముకు వేసుకునే టైల్సన్నమాట. 2017లో ప్రభుత్వం దావా వేసింది. సరుకు వదులుకున్నారు, 30 లక్షల డాలర్లు కట్టారు. జైలు? ఎవరికీ లేదు. క్రిమినల్ కేసే పెట్టలేదు. అదే ఏడాది నవంబరులో ఆ యజమానుల చలవతో వాషింగ్టన్‌లో బైబిల్ మ్యూజియం తలుపులు తెరిచింది. కొబ్బరికాయ కొట్టారో లేదో తెలీదు గానీ, చప్పట్లు మాత్రం కొట్టారు.

సంచిలో డజను పెంకులుంటే నేరస్తుడు. పార్శిళ్లలో 5,500 వస్తువులుంటే సంప్రదింపులు. కాబట్టి బాబూ, చేస్తే పెద్దగా చేయండి!

అమెరికావాణ్ణి, తెల్లవాణ్ణి తిట్టి చేతులు దులుపుకుంటే తేలికే. మన ఇంటి వాకిలి? 2013 అక్టోబరు. ఉత్తరప్రదేశ్ ఉన్నావ్ జిల్లా దౌండియా ఖేడా. ఒక సాధువుకు కలొచ్చింది, కోట కింద 1,000 టన్నుల బంగారం ఉందని. భారత పురావస్తు సర్వేక్షణ శాఖ పలుగూ పారా పట్టుకుని వచ్చేసింది. భూమి కింద లోహమేదో ఉండొచ్చని ఇంకో సర్వే శాఖ నివేదిక చేతిలో ఉంది కదా, కల కాదు సైన్సే అన్నారు. టీవీ కెమెరాలు, మిర్చి బజ్జీల బండ్లు, తిరునాళ్లే! చివరికి వచ్చినవి మట్టి పెంకులు, గాజు ముక్కలు, మేకులు. ఆ కల నాకొస్తే? మీకొస్తే? నాకు డాక్టరు, మీకు పోలీసు.

నవ్వకండి, మనం తక్కువ తినలేదు. 2017 డిసెంబరులో కర్నూలు జిల్లా తుగ్గలి మండలం చెన్నంపల్లి కోటలో తవ్వకాలు జరిగాయి. గుప్తనిధుల కోసం. దొంగచాటుగా కాదు, పట్టపగలు, సర్కారు అనుమతితో, అధికారులు దగ్గరుండి! ఎముకలొచ్చాయి, ఇటుకలొచ్చాయి. లంకెబిందె రాలేదు. అదే జిల్లాలో పాడుబడ్డ గుడిలో అర్ధరాత్రి డిటెక్టరు, నిమ్మకాయలు, నల్లకోడితో దొరికినవాడి ఫొటో మర్నాడు పేపర్లో వస్తుంది, చేతులు కట్టేసి, ముందు గడ్డపార పెట్టి. వాడు వెధవే. నంది మెడ విరగ్గొట్టే వెధవ. కానీ పగలు ఫైలు పెట్టుకుని తవ్వినవాళ్లను ఏమనాలి? ఏ నిమ్మకాయ తక్కువైందని?

చందవరం గుర్తుందా? ప్రకాశం జిల్లా బౌద్ధ క్షేత్రం. అక్కడి మ్యూజియంలోంచి మాయమైన బుద్ధారాధకుల శిల్పం ఆస్ట్రేలియా జాతీయ గ్యాలరీలో తేలింది. డబ్బిచ్చి కొనుక్కున్నారు. 2016లో తిరిగి అప్పగించారు. మన మ్యూజియంలోంచి గడప దాటేటప్పుడు ఏ యంత్రమూ కీ మనలేదు మరి! శిల్పాలదాకా ఎందుకు, కేంద్రం రక్షణలో ఉన్న 3,693 కట్టడాల్లో 50 కనిపించడం లేదని 2022లో పార్లమెంటరీ సంఘానికి సంస్కృతి శాఖే విన్నవించుకుంది. కొన్ని ఊళ్ల కింద పోయాయి, కొన్ని నీళ్ల కింద పోయాయి, 24 ఎక్కడున్నాయో అసలు తెలియదు. కట్టడాలండీ! జేబులోంచి జారిపోయే నాణేలు కావు. తహసీల్దారుగారి యంత్రం ఆ శాఖకు పంపితే పుణ్యముంటుంది.

ఇలాంటి నేల మీద పెరిగినవాడు విదేశం వెళ్లాక ఒక్కసారిగా చట్టభక్తుడైపోతాడా? ఇక్కడ బోర్డు చూసి నవ్వుకున్నవాడు అక్కడ బోర్డు చూసి భయపడతాడా? భయపడడు. పట్టుబడతాడు. పట్టుబడ్డాక మన దౌత్యాధికారి వచ్చి పలకరిస్తాడు, లాయర్ల పేర్లు చెప్తాడు, ఇంటికి ఫోను చేయిస్తాడు. తాళంచెవి మాత్రం తీసుకురాలేడు.

మన పెద్దాయన తిరుగు ప్రయాణంలో లండన్‌లో దిగారు. మేనల్లుడి ఇల్లు. సూట్‌కేసులో బట్టల మధ్య యంత్రం. థేమ్స్ నది ఒడ్డున పాత నాణేలు దొరుకుతాయని విమానంలో పక్కసీటువాడు చెప్పాడు.

"మామయ్యా, దయచేసి ఆ పెట్టె తెరవకండి!"

పాపం మేనల్లుడు ఏకరువు పెట్టాడు. థేమ్స్ ఒడ్డున ఒట్టి కళ్లతో వెతకాలన్నా పోర్టు సంస్థ పర్మిట్ కావాలి. రక్షిత స్థలాల్లో డిటెక్టరుతో అడుగుపెడితే బ్రిటన్‌కూ ఓ 1979 చట్టముంది. పొలంలోనైతే ఆసామి ఒప్పుకోవాలి. 300 ఏళ్లు దాటిన బంగారు వెండి వస్తువు దొరికితే 14 రోజుల్లో కరోనరుకు చెప్పాలి. అనుమానపు చావుకు విచారణ జరిపే కరోనరే నిధికీ విచారణ జరుపుతాడు. చెప్పినవాడికి లాభమే. 2009లో స్టాఫర్డ్‌షైర్ నిధి దొరికినవాడికీ పొలం యజమానికీ కలిపి 32.85 లక్షల పౌండ్లు ముట్టాయి. చెప్పనివాడికి? 2015లో హెరిఫర్డ్‌షైర్‌లో వైకింగుల నాటి నిధి దొరికి ఇద్దరు నోరు మూసుకున్నారు. దాదాపు 300 నాణేల్లో అధికారుల చేతికి 31 వచ్చాయి. 2019లో ఒకడికి పదేళ్లు, ఇంకొకడికి ఎనిమిదిన్నర వేశారు, అప్పీలులో కొంత తగ్గించారు. అన్నింటికన్నా అందమైన రూలు ఇంకోటుంది. బ్రిటన్ మట్టిలోంచి తీసిన యాభై ఏళ్ల పైబడ్డ పురావస్తువును దేశం దాటించాలంటే ఎగుమతి లైసెన్సు కావాలి.

"మంచి రూలేరా," అన్నారు తహసీల్దారుగారు. "ఎప్పట్నుంచి?"

మర్నాడు బ్రిటిష్ మ్యూజియానికి తీసుకెళ్లాడు మేనల్లుడు. 33ఏ గది. అమరావతి స్తూపం సున్నపురాతి శిల్పాలు. కృష్ణ ఒడ్డు నుంచి వచ్చినవి, నూటికి పైగా. 1845లో వాల్టర్ ఎలియట్ తవ్వించాడు. మద్రాసులో ఏళ్లకేళ్లు ఎండకు ఎండి, వానకు తడిసి, 1859లో ఓడెక్కి లండన్ చేరాయి. ఎగుమతి లైసెన్సు నంబరెంత? ఏ ఆసామి ఒప్పుకున్నాడు? 14 రోజుల్లో ఎవరికి చెప్పారు?

"ఈ ఎలియట్ ఎవర్రా?"

"ఉత్తర సర్కార్ల కమిషనరట మామయ్యా. గుంటూరు శిస్తుల వ్యవహారం చూసేవాడట."

"ఓహో, మా రెవెన్యూవాడేనన్నమాట!"

ఆ మ్యూజియంలోంచే దాదాపు 2,000 వస్తువులు పోయాయని, పాడయ్యాయని 2023లో బయటపడింది. కొన్ని ఈబేలో అమ్ముడయ్యాయి. డెన్మార్క్ వ్యాపారి ఒకాయన 2021లోనే చెవినేసినా వినిపించుకోలేదు. చివరికి డైరెక్టరు రాజీనామా చేశాడు. పొలంలో దొరికిన ఉంగరం గురించి రైతుకు 14 రోజుల గడువిచ్చే దేశం, తన అలమారలో ఏముందో చూసుకోవడానికి ఎన్నేళ్లు తీసుకుంది?

అన్నట్టు, ఆ మ్యూజియానికి టికెట్టు లేదు. గేటు దగ్గర మాత్రం ప్రతివాడూ సంచి విప్పి చూపించాలి. తహసీల్దారుగారూ చూపించారు. బీపీ మాత్రలు, పులిహోర డబ్బా.